తెరిపి ఎవరి మాట?

‘విరామానికి తెలుగులో సొంత మాట లేదు. మాట ఎందుకు లేదంటే ఆ భావనే లేదు గనక.’

గిడుగు రామమూర్తి పుట్టినరోజని ఆగస్టు 29న మా ప్రాంతపు కళాశాల ఒకదానిలో సభ పెడితే, అక్కడ ఒక పండితులవారు ఇలా సెలవిచ్చారు. ‘సెలవిచ్చారు’ అన్న మాట తెలిసే వాడుతున్నాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

వారి వాదాన్ని వక్రీకరించకుండా చెప్పడం నా ధర్మం. విరామం, విశ్రాంతి, యతి, ఆశ్వాసం – ఇవన్నీ సంస్కృతం. ఇంటర్వెల్ ఇంగ్లీషు. పల్లె తెలుగువాడికి పొద్దు పొడిస్తే పని, పొద్దు గుంకితే పడక. పనిని కొలిచి, తుంచి, నడుమ ఖాళీ వదలడం నాగరికుల అలవాటు. అది మనకు పైనుంచి వచ్చింది. మన లిపే ఇందుకు సాక్ష్యం. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న కలమళ్ల శాసనం చూడండి, మాటకూ మాటకూ మధ్య ఎడమే ఉండదు. ఇంతవరకు చెప్పి, ఆయన విద్యార్థుల వైపు తిరిగి, మన పూర్వులు ఏనాడూ విరామం అడగలేదనీ, ఈ తరం మాత్రం ఉద్యోగంలో చేరకముందే విరామం ఎన్నింటికని అడుగుతోందనీ చమత్కరించారు.

చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే తండ్రుల పిల్లలు ఉన్నారు. నాపరాళ్ల గనుల్లో రాళ్లెత్తే తల్లుల పిల్లలూ ఉన్నారు. వందన సమర్పణ నా వంతు. పండితులవారి విద్వత్తుకు కృతజ్ఞతలు చెప్పి కూచున్నాను. ఆనాడు నా నోట రావలసిన జవాబు రాలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

సభ ముగిసేసరికి వాన పట్టుకుంది. వరండాలో పండితులవారూ నేనూ మరో పదిమందీ నిలబడిపోయాం. అటెండరు పెద్దాయన కుర్చీలు లోపలికి మోస్తూ, ‘రోంత తెరిపిచ్చినాక పోదురుగాని సార్, ఇప్పుడే ఎందుకు తడిసేది’ అన్నాడు. పండితులవారు తలూపి ఆగారు. గంటసేపు ఉపన్యసించి లేదన్న మాట వారి చెవిన పడింది. వారికది అర్థమైంది కూడా. అర్థం కాకపోతే వానలోకి నడిచేవారు గదా!

తెరిపి. ఈ మాటను గురించి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

దీన్ని కొందరు ‘తెర’తో ముడిపెడతారు. నాటకంలో తెర దించితే విరామం, కాబట్టి తెరపి అయిందంటారు. వినడానికి బాగుంది. కానీ తప్పు. నాటకం తెర రాసేది మామూలు ర తోనే. తెఱపి పాత రాతలో బండి ఱ ఉన్న మాట. అక్షరం ఒక్కటే గదా, ఏమంత భేదం అనడానికి లేదు. పక్క భాషలను అడిగితే తేలిపోతుంది. తమిళంలో తెరను, అలను ‘తిరై’ అంటారు. తెరవడాన్ని ‘తిఱ’ అంటారు. ఆ భాషలో ఈ రెండు ర లూ ఈనాటికీ వేరువేరు అక్షరాలే. కన్నడంలో తెరవడం ‘తెఱె’, ఖాళీకీ తీరికకూ ‘తెఱపు’. కనుక మన తెఱపి పుట్టింది తెర దించడంలోంచి కాదు, తలుపు తెఱవడంలోంచి. బరో, ఎమెనో పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో తెఱచు, తెఱపి ఒక్క ఆరోపం కిందనే ఉన్నాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట క్లాసులో ‘బతుకుతెరువు’లోని తెరువును కూడా ఈ కుటుంబంలోనే చేర్చి, బతుకు తెరుచుకునే చోటే బతుకుతెరువు అని ఉత్సాహంగా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. తెరువు అంటే దారి. అది తమిళ ‘తెరు’కు, అంటే వీధికి, చుట్టం. తెఱవడానికి ఏమీ కాదు. భావం అందంగా ఉందని వ్యుత్పత్తి నిజమైపోదు. ఈ జబ్బు పండితులవారికే కాదు, మనకూ ఉంది.

బండి ఱ ను బరువని మనమే వదిలించుకున్నాం. వ్యవహార భాష కోసం పోరాడినవాళ్ల వారసులం గనక అందుకు నాకు విచారం లేదు. పలకని అక్షరాన్ని పిల్లల చేత రాయించడం హింస. కానీ పాత పుస్తకాల్లో ఆ అక్షరం దాచిపెట్టిన సాక్ష్యం చదవగలవాళ్లు మనలోనూ కొందరు ఉండాలి. లేకపోతే పాత అక్షరం తెలిసినవాళ్లు పాత సమాజాన్ని కూడా తమ ఇష్టం వచ్చినట్టు చదివి వినిపిస్తారు. ఆ రోజు సభలో జరిగింది అదే.

సరే, మాట మూలం తెరుచుకోవడం. ఇప్పుడు పక్కన మిగతా మాటలు పెట్టి చూడండి. విరామంలో ఉన్నది రమ్ ధాతువు. ‘వి’ చేరితే ఆగిపోవడం. ఇంటర్వెల్ లాటిన్ మాట. సైనిక శిబిరాల్లో రెండు ప్రాకారాల నడుమ వదిలిన జాగా. ఒకటి ఆగడాన్ని చెబుతుంది, ఒకటి గోడల మధ్య సందును చెబుతుంది. (మన బడిపిల్లలు ఈ రోమన్ గోడలను ఏనాడో కూలగొట్టారు. వాళ్లకది ‘ఇంటర్‌బెల్లు’. బెల్లు కొడితే వచ్చేది గనక.) తెరిపి ఆగడం కాదు, సందూ కాదు. మూసుకున్నది తెరుచుకోవడం. తెరుచుకుంటే మనిషి బయటికి వస్తాడు, ఊపిరి పీలుస్తాడు, చేయవలసిన పనికి పోతాడు.

వాడుక ఇంకా స్పష్టంగా చెబుతుంది. వాన తెరిపిస్తుంది. జ్వరం తెరిపిస్తుంది. అప్పుల్లోంచి మనిషి తెరిపిన పడతాడు. కూతురి పెళ్లి అయిపోయినాక ఇల్లాలు తెరిపిన పడుతుంది. అసలు తెరిపే లేకపోతే ఎడతెరిపి లేదంటాం. ఎడమూ లేదు, తెరిపీ లేదని రెండు మాటలు కలిపి మరీ మొత్తుకుంటాం. ఈ ప్రయోగాలన్నిట్లోనూ ఒక సామ్యం ఉంది. మనిషి మీద ఏదో బరువు పడి ఉంది – వాన, జ్వరం, అప్పు, చాకిరీ. ఆ బరువు కింద ఉన్నవాడే ఈ మాట అనగలడు. షావుకారు ‘నా బాకీదారుకు తెరిపి ప్రకటించాను’ అనడు. బాకీదారే ‘తెరిపిన పడ్డాను’ అంటాడు. విరామమైతే ప్రకటిస్తారు. సభాధ్యక్షుడు ప్రకటిస్తాడు, న్యాయమూర్తి ప్రకటిస్తాడు, ఫ్యాక్టరీ సైరను ప్రకటిస్తుంది. గడియారం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాట విరామం. బరువు ఎవరి నెత్తిన ఉందో వాళ్ల మాట తెరిపి.

మా సీమలో ఈ మాటకు ఒక చేదు కూడా ఉంది. కోస్తాలో వాన ఎప్పుడు తెరిపిస్తుందా అని చూస్తారు. మాకు తెరిపే ఎక్కువ, వానే తక్కువ. శనగ వేసి ఆకాశం వైపు చూసే రైతుకు నెలల తరబడి తెరిపి ఉంటుంది. అప్పుల నుంచి మాత్రం ఉండదు.

ఇక భావనే లేదన్న సంగతి. ఇది మాటను గురించిన తగువు కాదు, మనుషులను గురించిన అపవాదు. అందుకే దీని మీద ఎక్కువ నిలవాలి.

మా జేజి జీవితమంతా కయ్యల్లో కూలి చేసింది. ఆమెకు గడియారం చూడడం రాదు. ఆమె రోజును చెప్పే తీరు ఇది: సద్దిపొద్దుకు ముందు, సద్దిపొద్దు తర్వాత, సంగటిపొద్దు, మాపటేళ. సద్ది అంటే రాత్రి మిగిలి పొద్దున పొలంలో తినే కూడు. పని ఆపి గట్టు మీద కూచుని సద్ది తాగే వేళే సద్దిపొద్దు. అంటే ఏమైంది? పనిని కొలిచి దాని నడుమ విరామం పెట్టలేదు సరిగదా, విరామంతోనే రోజును కొలిచారు! ‘సద్దిపొద్దుకల్లా ఈ కొండ్ర అయిపోవల్ల’ అన్న మాట మడక పట్టినవాడి నోట రోజూ వచ్చేది. కొండ్ర అంటే ఒక విడతకు దున్నే పట్టె. కొండ్ర చివర ఎద్దులు నిలబడతాయి, మనిషి నిలబడతాడు, తర్వాత మలుపు. కపిలబావి ఇంకా మంచి ఉదాహరణ. ఎద్దులు నిండు బానను లాగుతూ వాలులోకి దిగుతాయి. బాన కుమ్మరించినాక తాడు వదులై వెనక్కి ఎక్కుతాయి. ఆ వెనక్కి ఎక్కడం ఎద్దుకు విశ్రాంతి, అదే మళ్లీ బావిలోకి బాన దిగే పని. విశ్రాంతినీ పనినీ విడదీయడానికి అక్కడ కత్తి దూరదు. ఇంత తెలిసినవాడికి విరామ భావన లేదట!

వీటిని సుఖాలుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. జేజి కూలికి పోయిన చోట సద్దిపొద్దు ఎంతసేపో ఆసామి కన్నే నిర్ణయించేది. ‘ఇంగ లెయ్యండమ్మో’ అని కేక పడితే చేతిలో ముద్ద నోట్లో వేసుకుంటూనే లేవాలి. విరామం ఉంది, దాని మీద హక్కు లేదు. పండితులవారు హక్కు లేకపోవడాన్ని చూసి భావనే లేదన్నారు. కూలిజనం నోట వినకుండా కూలిజనం తలలో ఏముందో నిర్ణయించడం వల్ల వచ్చే పొరపాటిది.

కలమళ్ల శాసనం మాట. ఎర్రగుంట్ల మండలంలోని ఆ పల్లెలో, చెన్నకేశవాలయం ఆవరణలో దొరికిన రాతి మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. క్రీ.శ. 575 నాటిదని లెక్క. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో దాన్నే మొదటిదంటున్నాం. ఆ కాలపు శాసనాల్లో మాటలు విడదీసి చెక్కరు, నిజమే. సంస్కృత శాసనాల్లోనూ అంతే. అంతెందుకు, ఇంటర్వెల్ అన్న మాటను లోకానికిచ్చిన రోమన్లు సైతం శతాబ్దాల పాటు మాటలు కలిపేసే రాశారు. వాళ్లకూ విరామ భావన లేదందామా? రాతిమీద ఎడం లేదంటే చదివేవాడి గొంతులో ఎడం ఉందని అర్థం. ఆ రాతను పైకి చదివి వినిపించేవాడు ఊపిరి పీల్చుకునే చోటే మాట విరిగేది. కామాలూ ఫుల్‌స్టాపులూ అచ్చుయంత్రంతో, ఇంగ్లీషు గద్యం చూసి పెట్టుకున్నవి. విరామచిహ్నం కొత్తది. విరామం కొత్తది కాదు.

ఇంకో చిన్న సంగతి, నవ్వుకోవడానికి. అచ్చు లేని హల్లు మీద పెట్టే గుర్తును సంస్కృతంలో విరామమంటారు. కంప్యూటర్లకు అక్షరాలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో కూడా మన గుర్తుకు అదే పేరు పెట్టారు. తెలుగు బడిలో దాని పేరు పొల్లు. పొల్లు అంటే గింజ లేని ఊక. తూర్పారబట్టినవాడెవడో పెట్టిన పేరు. అచ్చు లేని అక్షరం అతనికి గింజ లేని ఒడ్లలా కనపడింది. సంస్కృతం పేరు తెలియక పెట్టుకున్నాడని నేననుకోను.

ఇప్పుడు యతి దగ్గరికి వద్దాం. తెలుగు మేష్టర్లుగా మనం చేసిన అపచారం ఇక్కడ ఎక్కువ.

యమ్ అంటే అదుపు చేయడం. దాన్నుంచి వచ్చిన యతి అంటే పద్యపాదం నడకను ఒకచోట నిలపడం. పింగళుడి ఛందశ్శాస్త్రంలో యతి అంటే తెగే చోటే. సంస్కృత శార్దూలంలో పన్నెండు అక్షరాలయ్యాక మాట తెగుతుంది, చదివేవాడు ఆగుతాడు, మిగతా ఏడూ చదువుతాడు. ఆ శార్దూలమే తెలుగులోకి వచ్చాక ఏమైంది? పదమూడో అక్షరం మొదటి అక్షరంతో మైత్రి కలవాలన్నారు. అంటే ఆగి, తిరిగి ఎత్తుకునే అక్షరాన్ని గుర్తుపెట్టారు. ఇంతవరకు బాగానే ఉంది. కొత్త ఊపిరికి అది జెండా. కానీ ఆ చోట మాట తెగాలన్న నియమాన్ని మాత్రం వదిలేశారు. పదమూడో అక్షరం ఒక మాట నట్టనడుమ పడినా తప్పులేదు. జెండా మిగిలింది, ఊరు లేచిపోయింది. తర్వాత లాక్షణికులు ఆ జెండాలను లెక్కపెట్టడంలో మునిగిపోయారు. పదిహేడో శతాబ్దపు అప్పకవి నాటికి యతి భేదాలు పదుల కొద్దీ అయ్యాయి. ఏ అక్షరానికి ఏ అక్షరం చెల్లుతుందన్న వ్యవహారం దస్తావేజుల తనిఖీలా తయారైంది.

నేటి తరగతి గదిలో ‘యతి అంటే ఏమిటి?’ అని అడగండి. ‘ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు’ అని గడగడా అప్పజెబుతారు. ఊపిరి అన్న మాట ఒక్కడూ అనడు. తప్పు పిల్లలది కాదు. పరీక్షలో మార్కులు వచ్చేది పదికీ పదకొండుకే గాని ఊపిరికి కాదు.

పద్యంలో పోగొట్టుకున్న యతి ఎక్కడ బతికి ఉందంటే పనిపాటల్లో. వడ్లు దంచే ఆడవాళ్లు ‘సువ్వి’ అనే చోటు చూడండి. రోకలి దిగుతుంది, గాలి బయటికి వస్తుంది, పాట ఒక క్షణం నిలుస్తుంది. ఛందోగ్రంథం చూసి కాదు, రొమ్ము అడిగి పెట్టిన యతి అది. బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అందుకుంటే కథకుడు ఊపిరి తీసుకుంటాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పినప్పుడు, షేక్ నాజర్ వంటి కథకుడు అంతసేపు నిలబడి కథ నడిపాడంటే, పక్కన ఇద్దరు ఆ తెరిపిని అందిస్తున్నారు గనకనే. ఒకడి విరామం మరొకడి పని. దాన్ని ఖాళీ అనడానికి వీలుందా?

ఆశ్వాసమన్న మాటనూ వారు సంస్కృతం గొప్పకింద జమ కట్టారు. శ్వాసలోంచి వచ్చిన మాట అది. ఊపిరి పీల్చుకోవడం, తేరుకోవడం. కావ్యంలో అధ్యాయానికి ఆ పేరు పెట్టినవాడు చదివేవాడి గొంతునూ వినేవాడి నడుమునూ తలుచుకునే పెట్టాడు. సంస్కృతమైనంత మాత్రాన ఊపిరి అగ్రహారం సొత్తు కాదు.

వచన కవులను కూడా ఇక్కడ ఒక మాట అనాలి. యతిప్రాసల సంకెళ్లు తెంచామని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తెంచింది అక్షరమైత్రిని. పోగొట్టుకున్న విరామాన్ని పంక్తి చివర తిరిగి తెచ్చుకున్నారు. వచన కవితకు యతి లేదనడం తప్పు. పింగళుడి అర్థంలో యతి ఉన్న తెలుగు పద్యం అదే! ఈ సంగతి తెలియక పంక్తిని ఎక్కడపడితే అక్కడ విరిచేవాళ్లు కొందరున్నారు. వాళ్లు అప్పకవికి ఎదురుతిరిగినవాళ్లు కారు, ఊపిరికి ఎదురుతిరిగినవాళ్లు.

ఇంతవరకు చదివి, ఇతను అచ్చతెలుగువాది, సంస్కృత పదాలన్నీ దొరల మాటలు, తెలుగు పదాలన్నీ కూలీల మాటలు అంటున్నాడని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకుంటే నా వాదం వికటించినట్టే. విశ్రాంతిని చూడండి. శ్రమ్ ధాతువు అందులో స్పష్టంగా కూచుని ఉంది. శ్రమ, శ్రామికుడు, శ్రాంతుడు, విశ్రాంతి – ఒకే ఇంటి మాటలు. శ్రమించనివాడికి విశ్రాంతి లేదు, వ్యాకరణమే ఒప్పుకోదు. సినిమా హాల్లో తెర మీద ‘విశ్రాంతి’ అని పడినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కుర్చీలో కూచున్న మనకా విశ్రాంతి? ఆ మాట రీళ్లు మార్చిన ఆపరేటరుది కావాలి.

అటు సెలవును చూడండి. నికార్సయిన తెలుగు మాట. తమిళంలో ‘సెలవు’ అంటే పోవడం, ఖర్చు. మన దగ్గర ఆ మాట అనుమతి అయింది, ఆజ్ఞ అయింది. దొరలు మాట్లాడితే సెలవివ్వడం, నౌకరు వెళ్లాలంటే సెలవు తీసుకోవడం. పోయే స్వేచ్ఛను చెప్పవలసిన మాట, పోనిచ్చేవాడి దయను చెప్పే మాటగా మారింది. ఏ భాష కడుపున పుట్టిందన్నది కాదు, ఎవరి చేతిలో పెరిగిందన్నదే మాట గుణాన్ని నిర్ణయిస్తుంది. పండితులవారి మాటలను ‘సెలవిచ్చారు’ అని మొదట్లో రాసింది ఇందుకే.

మన శిబిరం వైపు కూడా ఒక వేలు చూపించక తప్పదు. ‘అవిశ్రాంత పోరాటం’, ‘అవిశ్రాంత యోధుడు’, ‘అలుపెరుగని కృషి’ – సంస్మరణ సంచికలు తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఇవే. ఎనిమిది గంటల పనికోసం ప్రాణాలిచ్చిన ఉద్యమం మనది. ఆ ఉద్యమం ఒక మనిషికి ఇవ్వగల అత్యున్నత ప్రశంస ‘వీడు విశ్రాంతి తీసుకోలేదు’ అన్నదేనా? యజమాని కూడా తన ఉత్తమ కార్మికుణ్ణి ఇదే మాటతో పొగుడుతాడు. నేనూ ఇలాంటి వాక్యాలు రాశాను. ఒక కార్యకర్త గుండెపోటుతో నలభైల్లోనే పోతే, అతని అవిశ్రాంతతను పొగుడుతూ అర పేజీ రాసి, ఆయన భార్యకు పత్రిక పంపాను. ఆమె చదివి ఏమనుకుందో అడిగే ధైర్యం నాకు లేదు.

మన పూర్వులు విరామం అడగలేదన్న చమత్కారానికి చరిత్రే జవాబిస్తుంది. 1884లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన సభ జరిపి, ఆదివారం సెలవుతో పాటు మధ్యాహ్నం అరగంట విరామం కావాలని తీర్మానించారు. 1891 ఫ్యాక్టరీల చట్టంలో ఆ అరగంట చేరింది. ఎవరో నాగరికులు జాలిపడి ఇచ్చింది కాదు. స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షను దాన్ని ఇంకా బిగించింది: అరగంట విశ్రాంతి ఇవ్వకుండా ఎవరి చేతా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఏదైనా ఫ్యాక్టరీకి మినహాయింపు ఇవ్వాలంటే కారణాలు లిఖితపూర్వకంగా చూపాలి, అప్పుడైనా ఆరు గంటలు దాటరాదు.

2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆ ఐదును ఆరు చేయాలని నిర్ణయించింది. రోజు పనివేళల గరిష్ఠ పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు పెంచాలన్న నిర్ణయమూ దాంతోపాటే వచ్చింది. కారణం చూపి ఇవ్వవలసిన మినహాయింపు, కారణం అక్కరలేని నియమంగా మారిందన్నమాట. అదే ఏడు నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో రోజుకు ఎనిమిది గంటలన్న అంకె ఉంది. కానీ నడుమ విరామం ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్న అంకె స్మృతిలో లేదు. ప్రభుత్వం ప్రకటించినట్టు అని ఉంది. చట్టంలో విశ్రాంతిగా ఉన్నది ప్రకటనలో సెలవైంది. నేను పైన మాటల గురించి చేసిన చర్చంతా పండితుల కాలక్షేపం అనుకున్నవాళ్లు ఈ ఒక్క మార్పును చూడాలి.

మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినానికి రంధ్రాలుంటాయనీ, పెట్టుబడి వాటిని పూడ్చడానికి చూస్తుందనీ వివరించాడు. రంధ్రం యజమాని వైపునుంచి చూస్తే నష్టం. లోపలున్నవాడికి అదే గాలి వచ్చే తోవ. మా ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కిల్న్‌లు రాత్రింబగళ్లు తిరుగుతాయి. లోపల సున్నపురాయి దాదాపు 1450 డిగ్రీల వేడిలో క్లింకరు అవుతుంది. దాన్ని మధ్యాహ్నం అరగంట ఆపలేరు, నిజమే. మనిషిని విడిపించడానికి ఇంకో మనిషిని పెట్టాలి, బుర్రకథలో వంతల్లాగే. ఆ ఇంకో మనిషి జీతం దగ్గరే పేచీ అంతా. కిల్న్‌కు మాత్రం లోపలి ఇటుకలు అరిగితే షట్‌డౌన్ ఇచ్చి, చల్లార్చి, కొత్త ఇటుకలు పేర్చి మళ్లీ ముట్టిస్తారు. దానికి విరామం ఎందుకని ఏ పండితుడూ చమత్కరించడు. రాయి లెక్కన కూలి వచ్చే గనిలో పరిస్థితి వేరు. అక్కడ విరామం ఎవరూ వద్దనరు. కూచున్నంతసేపూ కూలి పోతుంది, అంతే. అక్కడ కావలిసింది సైరను కాదు, కూచున్నా పూట గడిచే రేటు.

ఈ సంచిక ప్రతి ఒకటి పండితులవారికి పంపుతున్నాను. వారు జవాబు రాస్తే ఒక్క అక్షరం తగ్గించకుండా ఇక్కడే అచ్చువేయమని సంపాదకులను కోరాను. అటెండరు పెద్దాయనకు కూడా ఒక ప్రతి ఇచ్చాను. ‘నా మాట పుస్తకంలో ఏసినారా సార్, ఇంగ జీతం పెంచుతారా?’ అన్నాడు. వానాకాలం పోయింది. ఆయన ఇంకా రోజు కూలి లెక్క మీదే ఉన్నాడు. కళాశాలకు సెలవులొస్తే ఆయనకు జీతం ఉండదు.